చివరి మెట్టు మీద

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కింద, గుండం దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. మా నాయినమ్మ చెప్పే దయ్యం కథ మాత్రం ఆ జనమంతా ఇళ్లకు మళ్లాక మొదలయ్యేది.

నీళ్ల మీద ఇంకా ఒకటో రెండో బతుకమ్మలు తేలుతుంటాయి. చివరి మెట్టు మీద నిలబడ్డ ఒక ఆడమనిషి, వెనకబడ్డ పిల్లను అడుగుతుంది: "అందరు ఆడిపోయిండ్రా బిడ్డా?"

ఇక్కడ నాయినమ్మ ఆగేది. తమలపాకు ఈనె గోటితో తీసి, సున్నం రాసి, మడిచి బుగ్గన పెట్టుకునేదాకా మాకు ఊపిరాడేది కాదు. "ఆడిపోయిండ్రవ్వా అన్నదట పిల్ల. అయ్యో, వచ్చే యేడు జెర ముందే వస్త అనుకుంట ఆమె నీళ్లలకు దిగింది." కథ అంతే.

ఇన్నేళ్లుగా దయ్యం కథలు రాస్తూ నేను అందుకోవాలని తండ్లాడేది ఆ ఒక్క ప్రశ్ననే. భయపెట్టడం తేలిక, తలుపు కిర్రుమంటే చాలు. పోయాక కూడా పండక్కి రావాలనుకునే మనిషి మీద మనసు కరిగేలా చెప్పడమే కష్టం. ఆమె కోరిక చిన్నదై ఉండాలి. జవాబిచ్చేవాళ్లలో మర్యాద ఉండాలి.

ఆ మర్యాద మన ఊళ్లకు తెలుసు. తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసిపెట్టుకున్నాం. వచ్చినామె చదివి, నమ్మి, తిరిగి వెళ్లిపోతుంది. 2018లో వచ్చిన హిందీ 'స్త్రీ' సినిమా గోడల మీదా ఇదే మాట. రస్కిన్ బాండ్ 'ఎ ఫేస్ ఇన్ ద డార్క్'లో సిమ్లా దగ్గరి పైన్ అడవిలో, రాత్రిపూట ఏడుస్తున్న పిల్లవాణ్ణి చూసిన మాస్టారి కోపం అంతలోనే వాడికేమైందోనన్న ఆరాటంగా మారిపోతుంది. ఆ ఆరాటం ఉంది కాబట్టే ఆ కథ ఇప్పటికీ నన్ను వదలదు.

చోటు కూడా సాయం చేయాలి. ఈ గుట్ట మీద 1117 నాటి శాసనం ఉంది. బేతమంత్రి భార్య మైలమ ఇక్కడ కడలాలయ బసది కట్టించిందని అందులో చెక్కారు. తొమ్మిది వందల ఏళ్లుగా ఒక ఆడమనిషి పేరు ఉన్న రాయి పక్కన, పొద్దుగూకే వేళ మనం ఒక్కళ్లమే ఉన్నామని ఎప్పుడూ అనిపించదు.

నిరుడు సద్దులకు అందరూ మళ్లినా నేను చివరి మెట్టు మీద ఉండిపోయాను. తడి రాళ్లకు తంగేడు రేకులు, గునుగు పూలు అంటుకుని ఉన్నాయి. తల్లి చేయి పట్టుకుని పైమెట్లు ఎక్కుతున్న చిన్నపిల్ల ఒకతి వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"అవ్వా, అందరు ఆడిపోయిండ్రు" అంది.