ముద్రా, అంటా? యుబిక్విటిన్‌కు తెలుగు రూపకం: ఒక పరిశీలన

విజ్ఞానశాస్త్ర రచనలో రూపకం తప్పితే అవగాహనా తప్పుతుంది. 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ యుబిక్విటిన్ విషయంలో జరిగింది ఇదే. అక్కరలేని ప్రోటీన్లకు దీన్ని తగిలించి కణం వాటిని ధ్వంసం చేస్తుందని నిరూపించినందుకు సీకనోవర్, హెర్ష్కో, రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ లభించింది. అప్పుడు దీనికి ‘మృత్యుచుంబనం’ అన్న పోలిక ప్రచారమైంది. అనువాద పాఠంలో నేను దాన్ని ‘మరణముద్ర’ అనేవాణ్ణి. “ముద్ర వేసినంక అచ్చు ఎనకకు తీస్కుంటరు గద సార్, ఇదేమో ఆడనే అతుక్కుంటది” అన్నాడు మొగుడంపల్లి నుంచి వచ్చే ఒక విద్యార్థి. ఆ ఆక్షేపణకు నా దగ్గర జవాబు లేకపోయింది.

లెజియోనెల్లా న్యూమోఫిలా అనే బాక్టీరియాపై 2016లో వెలువడిన పరిశోధనలు ఆ ఆక్షేపణను మరింత బలపరుస్తాయి. 1976లో ఫిలడెల్ఫియాలో ప్రబలిన న్యుమోనియాతో ఇది వెలుగులోకి వచ్చింది. సహజంగా నీటిలోని అమీబాలలో పెరుగుతుంది; మనిషి ఊపిరితిత్తుల కణాల్లో చేరితే 300కు పైగా ప్రోటీన్లను లోపలికి వదులుతుంది. వాటిలో సిడ్‌ఇ కుటుంబపు ఎంజైములు విలక్షణమైనవి. సాధారణ పద్ధతిలో మూడు ఎంజైములు వరుసగా పనిచేసి, ఏటీపీని ఖర్చు చేసి, యుబిక్విటిన్ కొసనున్న గ్లైసిన్‌ను లక్ష్య ప్రోటీన్‌లోని లైసిన్‌కు కలుపుతాయి. (ఆ ఏటీపీని 1929లో గుర్తించినవారిలో ఫిస్కేతో పాటు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు.) సిడ్‌ఇకి ఏటీపీ అక్కరలేదు, ఎన్‌ఏడీ చాలు. అది యుబిక్విటిన్‌లో 42వ స్థానంలోని ఆర్జినిన్‌కు ఏడీపీ-రైబోజ్‌ను చేర్చి, తర్వాత ఏఎంపీని విడగొట్టి, మిగిలిన ఫాస్ఫోరైబోజ్ ద్వారా ఆతిథేయి ప్రోటీన్‌లోని సెరిన్‌కు కలుపుతుంది. రెండు పనులూ ఒకే ఎంజైమువి. ఈ రెండో దశను వివరించిన ‘సెల్’ పత్రిక వ్యాసానికి ప్రథమ రచయిత సాగర్ భోగరాజు.

ఈ అతుకు ప్రోటీన్‌ను ధ్వంసానికి పంపదు, దాని పని మారుస్తుంది. రెటిక్యులాన్-4కు ఇలా యుబిక్విటిన్ అతికితే అంతర్జీవద్రవ్య జాలం రూపమే మారి బాక్టీరియాకు అనుకూలిస్తుంది. ఇక్కడ మరణమూ లేదు, ముద్రా లేదు.

‘అంటు’ అన్న మాట ఇంతకంటే నయమని నా అభిప్రాయం. మామిడి తోటలున్న సంగారెడ్డి జిల్లాలో అంటుకట్టడమంటే విడమరచి చెప్పనక్కరలేదు. అంటులో కొమ్మా మొదలూ రెండూ బతుకుతాయి, కాపు మారుతుంది. యుబిక్విటిన్, లక్ష్య ప్రోటీన్ రెండూ ఆతిథేయివే; కట్టే చెయ్యి మాత్రం పరాయిది. అయితే ఇందులోనూ చిక్కులున్నాయి. ‘అంటు’ అనగానే అంటువ్యాధి స్ఫురిస్తుంది. లెజియోనెల్లా వ్యాధి సాధారణంగా మనిషి నుంచి మనిషికి అంటదు, నీటి తుంపరల ద్వారా వస్తుంది. పైగా కలిసిన అంటును తోటమాలి విప్పలేడు. ఈ బాక్టీరియా మాత్రం డూప్‌ఎ, డూప్‌బి అనే ఎంజైములతో తాను కట్టినదాన్ని తానే విప్పగలదు. సిడ్‌జె అనే మరో ఎంజైము, ఆతిథేయి కాల్మాడ్యులిన్ తోడుంటేనే పనిచేస్తూ, సిడ్‌ఇని అదుపు చేస్తుంది. ఈ విప్పడానికీ అదుపుకూ సరిపడే తోటమాట నాకింకా దొరకలేదు.