పిడికెడు కాలము

మదనపల్లె టమోటా మండీలో, పంట జోరుగా దిగు మాసములయందు, ఒక్క ఉదయము నిలిచి చూచినవానికి కాలము విలువను వేరొకరు బోధింపనక్కరలేదు. కోసిన కాయ ఎవరికొఱకును ఆగదు. నేడు మంచి ఎరుపున నున్నది రేపటికి మెత్తబడును, ఎల్లుండికి పెట్టె అడుగున నీరు కారును. కావుననే ధర నచ్చినను నచ్చకున్నను, సరకుతో వచ్చిన రైతులు వేలము ముగియువరకు తమ పెట్టెల ప్రక్కనుండి కదలరు. అపొస్తలుడైన పౌలు ఎఫెసు సంఘమునకు వ్రాసిన పత్రికలో, విశ్వాసి తన సమయము నెట్లు వాడుకొనవలెనో చెప్పుచు ఎన్నుకొనిన గ్రీకు క్రియ ఇట్టి అంగడిలో పుట్టినదే యని తెలిసిన దినమున నాకీ మండీయే కన్నులకు గట్టినది. ఆ క్రియాపదపు గర్భములో ‘అగోరా’, అనగా సంత, అను మాట యున్నది. చేజారిపోవు సరకును వెలయిచ్చి సొంతము చేసికొనుట దాని భావము. వెల యీయక సమయము దొరకదు. ఆ వెలను దినదినము కొంచెము కొంచెముగా చెల్లించు మార్గములను మన పెద్దలు ఎరిగియుండిరి. మనము వానిని మరచుచున్నాము.

జాగు చేయుటను సోమరితనముగా నెంచుట మన మొదటి పొరపాటు. సామెతల గ్రంథము సోమరిని చీమల యొద్దకు పంపినమాట నిజమే గాని, జాగు చేయువారిలో పెక్కండ్రు సోమరులు కారు. దినమంతయు ఏదో యొక పనిలో మునిగియున్నవారే. అపొస్తలుల కార్యములలోని ఫేలిక్సును తలంచుకొనుడు. అతడు దేశాధిపతి, కైసరయలో చెరనున్న పౌలును పిలిపించి, నీతిని గూర్చియు, ఆశానిగ్రహమును గూర్చియు, రాబోవు తీర్పును గూర్చియు చెప్పగా విని, లోలోపల వణకి, సమయము దొరకినప్పుడు మరల పిలిచెదనని పంపివేసెను. సమయము దొరకక కాదు. అటుపిమ్మట పౌలును పలుమారులు పిలిపించి మాటాడుచునే యుండెనని గ్రంథము చెప్పుచున్నది. రెండేండ్లు గడచెను, అధికారము మరియొకనికి పోయెను, పౌలు చెరలోనే యుండెను. ఫేలిక్సునకు లేనిది తీరిక కాదు, ధైర్యము. మనము వాయిదా వేయు పనులను వరుసగా తలంచి చూచినచో, వానిలో కష్టమైనవి కొన్నియే. మనకు భయము గొలుపునవి పెక్కు. అప్పు సంగతి చెప్పుట, వైద్యునికి చూపించుకొనుట, క్షమాపణ కోరుట మొదలగునవి ఈ జాతివే.

మన సంస్కృతాంధ్ర వాఙ్మయము జాగు చేయువానికి దీర్ఘసూత్రుడని పేరు పెట్టినది. మహాభారతపు శాంతిపర్వములోని మూడు చేపల కథలో మడుగు నీరు తగ్గుచుండగా చూచి కూడ కదలక వలలో చిక్కిన చేప పేరదే. దీర్ఘసూత్రమనగా పొడుగు దారము. పొడుగు దారమున దోషమేమున్నదని కుప్పము ప్రాంతపు పట్టురైతు అడిగినచో నేను ఉత్తరము చెప్పలేను. ఒక్క పట్టుగూటినుండి వచ్చు దారమే కొన్ని వందల గజములుండును. దోషము దారము పొడవున లేదు, తీయుట మొదలిడని చేతిలో నున్నది.

కుప్పము పేరెత్తితిని గనుక అచ్చటి పట్టుపురుగుల పెంపకమును గూర్చి కొంత చెప్పవలెను. క్రైస్తవుని కాలనియమమునకు ఇంతకంటె మంచి ఉపమానము నాకు దొరకలేదు. గ్రుడ్డు పగిలినది మొదలు గూడు కట్టువరకు ఇంచుమించు ఒక మాసము. ఆ మాసములో పురుగు నాలుగు మారులు చర్మము విడుచును. రైతులు దానిని జ్వరమందురు. జ్వరము లేని దినములలో వేళకు మల్బరీ ఆకు వేయవలసినదే. పెండ్లియైనను వానయైనను ఆ ఇంట ఆకు వేళ తప్పదు. కాని పురుగు జ్వరమునకు కూర్చున్నప్పుడు ఆకు వేయరాదు, కదల్పరాదు, పడకను పొడిగా నుంచి ఊరకుండవలెను. ఆ సమయమున ఆత్రపడి మేపువాడు, మేపవలసిన వేళ నిద్రించువాడు, ఇద్దరును పంట పోగొట్టుకొందురు. పిదప పురుగు పండి దేహము పసుపుపచ్చగా మెరయు దినమున దానిని గూడు కట్టుటకై చంద్రికలనెడు తట్టలపై కెక్కింపవలెను. ఆ పని మరునాటికి ఆగదు. పనికొక వేళ, ఊరకుండుటకొక వేళ, దాటరాని వేళ యొకటి యని ప్రసంగి గ్రంథకర్త చెప్పిన తత్త్వము ఆ తట్టలలోనే కానవచ్చుచున్నది.

ఇక పద్ధతుల మాట. నా దృష్టిలో వానిలో మేటియైనది ఏ పండితుడును కనిపెట్టినది కాదు. మన తెలుగు క్రైస్తవ స్త్రీలు వంటయింట ఆచరించుచు వచ్చినది. పూటపూట అన్నమునకు బియ్యము కొలిచి, ఎసటిలో పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయుదురు. ఆదివారమున ఆ బియ్యము దేవుని మందిరమునకు పోవును. ఇందలి సూక్ష్మమును గమనింపుడు. అందరు తిన్న తరువాత మిగిలినది ఇత్తమని ఆమె అనుకొనదు. అట్లనుకొన్న ఇంట ఏ దినమును మిగులదు. ముందు తీయును, కొంచెమే తీయును, ప్రతిపూట తీయును. పేదయింట ఒక పిడికెడు తగ్గినచో ఆకలి పెరుగదు గాని, వారము తిరుగునప్పటికి కుండలో గణింపదగిన బియ్యముండును. కాలమును ఇట్లే తీయవలెను. వాక్యము చదువుటకు, రోగిని పరామర్శించుటకు, చాలకాలముగా ఆగిన పనిని ముట్టుటకు, పనులన్నియు ముగిసిన తరువాత చూతమనువానికి పనులెన్నడు ముగియును? పొద్దు మొదలిడకముందే ఒక పిడికెడు తీసి వేరుగ పెట్టవలెను.

పావుగంటతో ఏమగునని కొందరందురు. పుంగనూరు ఆవును ఎరిగినవారు ఆ మాట అనరు. ఇంచుమించు రెండు మూరల యెత్తుండు ఆ చిన్ని ప్రాణి కుండలు నింపదు. కాని దాని పాలలోని వెన్న పెద్ద ఆవుల పాలలో దొరకదు. ఇంకొక లెక్క చెప్పెదను. బైబిలులో 66 గ్రంథములు, 1189 అధ్యాయములు. దినమునకు మూడును, ఆదివారమున ఐదును చదివినచో సంవత్సరము నిండకముందే గ్రంథమంతయు ముగియును. జనవరిలో నిర్ణయము చేసికొని లేవీయకాండమున ఆగిపోయినవారు, ఒక వారపు బాకీని ఒక్క రాత్రి తీర్పబోయి విసిగి మానినవారే. తప్పిన దినమును విడిచి, నేటి మూడు నేడు చదువుడు.

పిడికెడు చొప్పున ఎంత పెద్ద పని సాగునో మదనపల్లెయే చూచినది. అమెరికా రిఫార్మ్డ్ సంఘమువారి ఆర్కాటు మిషను పక్షమున జేకబ్ చేంబర్లేన్ 1863లో ఈ యూరికి వచ్చెను. ఆయన వైద్యుడును బోధకుడును. ఆ సంవత్సరమే నైజాము రాజ్యముగుండా గోదావరికి ఆవలివరకు 1200 మైళ్ళు ప్రయాణము చేసినవాడు. అనారోగ్యముచే స్వదేశమునకు మరలిపోవలసివచ్చియు తిరిగి వచ్చినవాడు. రోగులు, ప్రయాణములు, సంఘముల తగవులు ఇన్నిటి నడుమ 1873 నుండి 1894 వరకు తెలుగు బైబిలు సవరణ సంఘమునకు ఆయన అధ్యక్షుడుగా నుండెను. ఇరువది యొక్క సంవత్సరములు! ఒక్కొక్క మాటను మూలముతో పోల్చి, తెలుగు నుడికారమునకు సరిపుచ్చి, తోటి సభ్యుల అభ్యంతరములు విని, మరల దిద్దుకొను పని అది; ఉత్సాహము వచ్చిన దినమున మాత్రమే కూర్చుండువానివలన సాగునది కాదు. ఆయన 1908లో మదనపల్లెలోనే కన్నుమూసెను. తీరిక కలిగినప్పుడు చేసెదమనువారు ఈ జీవితమును ఒక్కమారు తలంపవలెను. తీరిక ఆయనకు ఎన్నడును లేదు.

అయితే ఎడతెగక పనిచేయుటయే సద్వినియోగమని నేననను. అది పురుగు జ్వరమున నుండగా ఆకు వేయుట వంటిది. మదనపల్లె చెంతనే ఆరోగ్యవరమున్నది. పలు మిషనుల వారు ఏకమై స్థాపించిన క్షయ చికిత్సాలయము 1915 నుండి అచ్చట పనిచేసినది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి పర్యవేక్షకుడు. క్షయను చంపు మందులు ఇంకను పుట్టని ఆ దినములలో స్వచ్ఛమైన గాలి, పుష్టికరమైన ఆహారము, విశ్రాంతి, ఇవియే ముఖ్య చికిత్స. అట్టి వైద్యములో విశ్రాంతి కూడ మందువలె వేళకు సేవింపవలసినదే. తోచినప్పుడు పరుండుట, తోచనప్పుడు తిరుగుట రోగికి చెల్లదు. జాగునకును విశ్రాంతికిని భేదము నాకు ఇచ్చటనే తేటపడినది. విశ్రాంతికి ఆరంభమును అంతమును ఉండును, దానివలన బలము వచ్చును. జాగునకు ఈ రెండును లేవు, అది బలమును పీల్చును. వాయిదా వేసినవాడు మంచముపై పరుండినను పని వాని రొమ్ముపై కూర్చుండును. అందువలననే ఆదివారపు విశ్రాంతి శనివారమున మొదలగునని పెద్దలనిరి. బట్టలు ఉతికి, పిండి దంచి, ఇల్లలికి, బాకీపడిన పనిని శనివారపు సందెవేళకే ముగించినవానికి గాని ఆదివారపు నెమ్మది దక్కదు.

ఇవన్నియు ఒక యెత్తు, ఇప్పుడు చెప్పబోవునది ఒక యెత్తు. క్రైస్తవుడు అన్నిటికంటె ఎక్కువగా వాయిదా వేయునది చదువును కాదు, ప్రార్థనను కాదు, సమాధానమును. కోపము మీద సూర్యుడు క్రుంకరాదని పౌలు అదే ఎఫెసీయుల పత్రికలో గడువు పెట్టెను. బలిపీఠము నొద్ద కానుకను విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువే ఆజ్ఞాపించెను. ఈ గడువు గాలిలో నిలువదని ఎరిగిన పెద్దలు దానికొక తేదీ కల్పించిరి. ప్రభువు బల్లకు ముందు సిద్ధపాటు కూటము జరిపెడివారు. వచ్చు ఆదివారము బల్ల యని ప్రకటింపగానే మాటలు లేని ఇండ్లమధ్య పెద్దలు నడచెడివారు. గట్టు తగవులు, కట్నపు పట్టింపులు, చిన్ననాటి రోషములు, తీరినవి తీరెడివి, తీరనివారు ఆ ఆదివారము తలవంచుకొని వెనుక వరుసలో కూర్చుండెడివారు. నేడు బల్ల మాసమాసము జరుగుచున్నది గాని ఆ నడక మాత్రము పెక్కుచోట్ల నిలిచిపోయినది. ఇది నాకు మిక్కిలి దుఃఖకరముగ నున్నది. ఏలయన జాగునకు మన సంఘము కనిపెట్టిన మందులలో ఇంత బలమైనది మరియొకటి లేదు.

నాకు వరుసకు అన్నయగు ఒకనితో బావి నీటి వంతు విషయమై మాట పట్టింపు వచ్చినది. తప్పు నాదని మొదటి మాసముననే తెలిసికొంటిని. క్రిస్మసునకు పోవుదమనుకొంటిని, పిదప ఈస్టరునకనుకొంటిని, ఆ పిదప కోతపండుగకనుకొంటిని. ఆయన ఇల్లు మా యింటికి అర మైలు. నాలుగవ సంవత్సరమున నేను ఆ అర మైలు నడచితిని. అప్పటికి ఆయన శవపేటికకు మేకులు దిగియుండెను. వదిన నన్ను చూచి, ‘‘ఇప్పుడు వస్తివా, నాయనా’’ అని తప్ప మరేమియు అనలేదు.

పాఠకుడా, నీకును అట్టి యిల్లొకటి యుండును. మీ సంఘములో రానున్న ప్రభువు బల్ల ఏ ఆదివారమో కనుగొనుము. దానికి ముందు శనివారము, దీపము పెట్టకముందే, ఆ యింటికి పోయి రమ్ము.