తేలిక కెమెరాకు తగిన మెడ

వీడియో హెడ్ అంటే ట్రైపాడ్ కాళ్లకూ కెమెరాకూ మధ్య ఉండే మెడ. ఫొటోలకు వాడే బాల్ హెడ్ ఎటు వంచితే అటు వంగుతుంది, బిగిస్తే నిలుస్తుంది. కదులుతున్నంతసేపు అది ఎలా కదిలిందన్నది ఎవరికీ పట్టదు. వీడియో హెడ్‌కు ఆ కదలికే ఉద్యోగం. పక్కలకు తిరిగితే ప్యాన్, పైకీ కిందికీ వంగితే టిల్ట్. ఈ రెండూ కుదుపు లేకుండా మొదలై, వెనక్కి తన్నకుండా ఆగాలి.

ఇది బరువైన సినిమా కెమెరాల కాలంలో పుట్టిన పరికరం. ఆస్ట్రేలియాకు చెందిన ఎరిక్ మిల్లర్ ద్రవంతో పనిచేసే హెడ్‌కు 1946లో పేటెంట్ పొందాడు. అమెరికాలో ఛాడ్వెల్ ఓకానర్ అనే ఇంజనీరు ఆవిరి రైళ్లను చిత్రీకరించే సరదా కొద్దీ తనకోసం ఒకటి తయారుచేసుకున్నాడు. అది వాల్ట్ డిస్నీ కంట పడింది. 1975 సంవత్సరానికి అతనికి అకాడమీ సాంకేతిక పురస్కారం కూడా తెచ్చింది. రైలు పిచ్చి లోకానికి ఇంతగా పనికొచ్చిన సందర్భాలు అరుదే.

హెడ్ లోపల దగ్గరదగ్గరగా అమర్చిన భాగాల మధ్య చిక్కటి గ్రీజు ఉంటుంది. విసురుగా తోస్తే అది గట్టిగా ఎదిరిస్తుంది, నిదానంగా తోస్తే దారి ఇస్తుంది. చేతి వణుకు విసురు కదలిక కాబట్టి అది గ్రీజులోనే ఇంకిపోతుంది. నిదానంగా తిప్పిన తిప్పు మాత్రం కెమెరాకు చేరుతుంది. ఈ ఎదురునే డ్రాగ్ అంటారు. గ్రీజు పని సరిగా లేని చవక హెడ్‌లో ఒట్టి రాపిడే ఉంటుంది. వానాకాలం తలుపులా మొదట మొరాయించి, తర్వాత ఒక్కసారిగా ఊడివస్తుంది. కొనేముందు హ్యాండిల్‌కు ఒక రబ్బరు బ్యాండు తగిలించి మెల్లగా లాగితే తేడా తెలుస్తుంది. బ్యాండు బాగా సాగి, ఆ తర్వాత హెడ్ గంతు వేసిందంటే, డబ్బా మీద ‘ఫ్లూయిడ్’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా లాభం లేదు.

చిన్న కెమెరాతో అసలు చిక్కు మరోచోట ఉంది. కెమెరాను ముందుకు వంచితే బరువు ఇంకా కిందికి లాగుతుంది. ఆ లాగుడుకు సరిజోడుగా హెడ్‌లో ఒక స్ప్రింగ్ పెడతారు. దీని పేరు కౌంటర్ బ్యాలన్స్. రెండూ సమానమైతే కెమెరాను ఏ కోణంలో వదిలినా అక్కడే నిలుస్తుంది. కావడిలో రెండు కుండలూ సరితూగినట్టన్నమాట. మ్యాన్‌ఫ్రాటో 500 హెడ్‌ను చూస్తే, అది మోసే గరిష్ఠ బరువు 5 కిలోలు. దాని స్ప్రింగ్ 2.4 కిలోలకు స్థిరంగా అమర్చినది, మార్చడానికి వీల్లేదు. సోనీ ఎ6400 కెమెరా బ్యాటరీ, కార్డుతో కలిపి 403 గ్రాములు. ఒక లెన్సు, చిన్న మైకు కూడా చేరి మొత్తం 700 గ్రాములు అనుకున్నా స్ప్రింగ్ ఆశించే బరువులో మూడో వంతు కూడా కాదు. అంటే కావడిలో ఒకవైపు కుండ ఖాళీ.

కూచిపూడి తరంగం చిత్రీకరణలో ఇది బాగా బయటపడుతుంది. నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తాళానికి తగ్గట్టు జరుగుతూ ఉంటుంది; కొన్నిసార్లు తల మీద నీళ్ల చెంబు కూడా ఉంటుంది. చెంబు నుంచి పళ్లెం దాకా కెమెరా నిదానంగా దిగి, పాదాల దగ్గర ఆగాలి. స్ప్రింగ్ బలం ఎక్కువైతే, చేయి కాస్త సడలగానే హెడ్ పైకి లేస్తుంది. సరిగ్గా జతి ముగిసేవేళకు పాదాలు ఫ్రేములోంచి జారిపోయి నడుము మాత్రమే మిగులుతుంది. లేవకుండా హ్యాండిల్‌ను నొక్కిపట్టి ఉంచితే ఆ బిగువుకు చేయి వణుకుతుంది, బొమ్మా వణుకుతుంది.

దీనికి విరుగుడు టిల్ట్ డ్రాగ్ పెంచడమేనని చాలామంది అనుకుంటారు. అప్పుడు హెడ్ నిలుస్తుంది కానీ తేలిక కెమెరాను కదపడానికి కూడా బలం పెట్టాల్సి వస్తుంది. అంతకంటే మేలు కెమెరాకు బరువు తొడగడం: లోహపు కేజ్, పైన మానిటర్, ఆపైన మైకు. ఇక్కడ బరువు ఎంత అన్నదానితో పాటు అది ఎంత ఎత్తున ఉంది అన్నదీ లెక్కే. ఎత్తు పెరిగితే వంగినప్పుడు లాగుడు పెరుగుతుంది. కాబట్టి అదే మైకును పక్కన కాక పైన బిగిస్తే స్ప్రింగ్‌కు జోడు దొరుకుతుంది. అన్నిటికన్నా మంచి దారి, స్ప్రింగ్ బలాన్ని తగ్గించే వీలున్న హెడ్‌నో, స్ప్రింగే లేని చిన్నదాన్నో ఎంచుకోవడం. అరకిలో కెమెరాను నిలపడానికి మంచి డ్రాగ్ ఒక్కటే చాలు. దుకాణంలో మాత్రం ఎన్ని కిలోలు మోస్తుందనే చెబుతారు. చిన్న కెమెరా వాడేవారు అడగాల్సింది ఎంత తక్కువ బరువుకు సరితూగుతుందని.

కెమెరాను హెడ్‌కు కలిపే ప్లేటు సంగతి చిన్నదే కానీ పని చెడగొట్టేది అదే. కెమెరా అడుగున ఉండేది పావు అంగుళం మర, అంగుళానికి 20 చుట్లు. చిన్న కెమెరా ఆ ఒక్క మర మీదే కూర్చుంటుంది. అది వదులైతే ప్యాన్ మొదట్లో హెడ్ తిరుగుతుంది, కెమెరా తిరగదు. నాణెంతో గట్టిగా బిగించాలి. ఆ తర్వాత టిల్ట్ లాక్ వదులు చేసి, ప్లేటును ముందుకూ వెనక్కూ జరుపుతూ, సమంగా నిలిచే చోటు పట్టుకోవాలి. లెన్సు మారిస్తే మళ్లీ మొదటికి.

తర్వాత మట్టం. తాపీమేస్త్రీ రసమట్టంలో ఉన్నట్టే హెడ్ మీద కూడా ఒక బుడగ ఉంటుంది. కాంపాక్ట్ హెడ్‌లు చాలావరకు చదును అడుగువి కాబట్టి, కాళ్లు పొడిగించో కుదించో ఆ బుడగను నడిమికి తేవాలి. కింద గిన్నెలాంటి అమరిక ఉంటే ఒక్క నాబ్‌తో పని అయిపోతుంది. మట్టం తప్పితే ప్యాన్ మొదట్లో తిన్నగా ఉన్న వేదిక చివరికొచ్చేసరికి ఒరిగిపోతుంది.

ప్యాన్ తీసేటప్పుడు పాదాలు, నడుము ముగింపు వైపు పెట్టి, ఒళ్లు తిప్పి మొదటి ఫ్రేముకు రావాలి. షాట్ సాగేకొద్దీ ఒళ్లు సహజస్థితికి చేరుతుంది. హ్యాండిల్‌ను పిడికిట్లో బిగించకూడదు, రెండు మూడు వేళ్లు చాలు. ఒక వస్తువు ఫ్రేములో ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి సుమారు 7 సెకన్లు పట్టాలన్నది పాత సినిమా కెమెరామెన్ లెక్క. అంతకన్నా వేగమైతే బొమ్మ అదిరినట్టు కనిపిస్తుంది. నర్తకి వెంట తిరిగే ప్యాన్‌కు ఈ లెక్క పట్టదు, ఎందుకంటే అక్కడ కన్ను మనిషిమీదే ఉంటుంది. కెమెరాలోని స్టెబిలైజర్‌ను ఆపివేయడం మంచిది. ప్యాన్‌ను అది చేతి వణుకుగా పొరబడి మొదట్లో పట్టి ఉంచి, చివర్లో ఒక్కసారి జారవిడిచే ప్రమాదం ఉంది.

ఎంత మంచి హెడ్ అయినా నడిమి స్తంభం పైకి లాగిన సన్నటి కాళ్ల మీద పెడితే ప్యాన్ ఆగగానే బొమ్మ కొంచెం వెనక్కి వస్తుంది. స్తంభం దించి, కాళ్లు వెడల్పు చేసి, స్తంభం కింది కొక్కేనికి బరువైన సంచి తగిలించాలి. సంచి ఊగకుండా నేలను తాకుతూ ఉండాలి. చెక్క వేదికకు దగ్గరగా ట్రైపాడ్ పెడితే అడుగుల అదురు కాళ్లలోంచి పైకి ఎక్కుతుంది.

పని అయ్యాక లాకులు, డ్రాగ్ నాబ్‌లు వదులు చేసి సంచిలో పెట్టాలి. సముద్రపు ఒడ్డున వాడితే ముందు బ్రష్‌తో ఇసుక దులిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే నాబ్‌లను ముట్టుకోవాలి. ఇసుక రేణువు గ్రీజులోకి చేరితే టిల్ట్‌లో గరగర మొదలవుతుంది.