రెండు మూళ్లు, మూడు రెళ్లు : బాలుర గణితబోధలో సమత్వభావము, తెలుగునుడి

గణితమునకు భాషతో పనిలేదనియు, అంకెలు ఏ దేశమునందైనను అంకెలేననియు ఒక అభిప్రాయము విద్యావంతులలో సైతము వ్యాపించియున్నది. కాని బాలుడు సంఖ్యను గుర్తుగా నేర్చుటకు ముందే మాటగా వినుచున్నాడు. గుర్తును చూచినప్పుడు దానిని మాటగానే చదువుచున్నాడు. ఆ మాట యెట్టిదో, గుర్తునకు అతడిచ్చు అర్థమును అట్టిదే యగును. కావున సమత్వమును, సంకలన గుణకారముల మూలధర్మములను బాలబాలికలకు తెలుగున బోధించునప్పుడు మనము ఏ వాక్యములను, ఏ పారిభాషికపదములను వాడుచున్నామో పరిశీలించుట గణితజ్ఞుల పని మాత్రమే కాదు; భాషాధ్యయనపరుల పని కూడ. ఇచ్చట ప్రతిపాదింపదలచిన దొక్కటే: ఈ ధర్మములను గ్రహించుటకు వలసిన వాక్యనిర్మాణము తెలుగునుడిలో ముందే కలదు, బోధనలో దానిని విడిచి, అర్థము కుదురకమున్నే పేర్లను నేర్పుటవలన బాలునకు నష్టము కలుగుచున్నది.

మొదట సమత్వచిహ్నమును గైకొందము. రెండు సమాంతరరేఖల ఈ గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అను వేల్స్ దేశీయుడు తన బీజగణితగ్రంథమున ప్రవేశపెట్టెను. అట్టి రేఖలకంటె సమానములైన వస్తువులు వేఱు రెండుండజాలవని ఆయన చెప్పిన హేతువు. అనగా ఈ గుర్తు ఇరుప్రక్కలకును గల సంబంధమును తెలుపునదే కాని, ఒక పని చేయుమని ఆజ్ఞాపించునది కాదు. మన తరగతిగదులలో వినబడు ప్రశ్న వేఱు: "మూడును ఐదును కలిపిన ఎంత వచ్చును?" ఈ "వచ్చును" అను క్రియయే చిక్కు తెచ్చిపెట్టుచున్నది. ఎడమప్రక్క పని జరుగును, కుడిప్రక్క ఫలము వచ్చును అను భావము బాలుని మనస్సున నాటుకొనును. 5 + 3 = 8 + 2 = 10 అని వరుసగా వ్రాయు అలవాటు దీని ఫలమే. అట్లు వ్రాసినవాడు ఎనిమిదియు పదియు సమానములని తనకు తెలియకయే చెప్పుచున్నాడు.

ఇది మన దేశమునకే పరిమితమైన లోపము కాదు. అమెరికాలో ఫాక్నర్, లెవీ, కార్పెంటర్ అనువారు 1999లో ప్రకటించిన వ్యాసమున, 8 + 4 = □ + 5 అను సమస్యను 145 మంది ఆరవతరగతి విద్యార్థుల కిచ్చిన వృత్తాంతము కలదు. ఖాళీలో ఉండవలసినది 7. ఒక్కరును 7 అని వ్రాయలేదు. కొందఱు 12 అనియు, కొందఱు 17 అనియు వ్రాసిరి. వారికి కూడిక రాక కాదు. గుర్తును "ఇక జవాబు వ్రాయుము" అని చదువుకొనుటవలన అట్లు జరిగినది.

ఇక మన ఎక్కమును చూడుడు. "రెండు మూళ్లు ఆరు." ఇది క్రియారహితవాక్యము. ఇందు "వచ్చును", "అగును" అనునవి లేవు. "రాముడు రాజు" అనునపుడు రెండు నామములకు అభేదమును చెప్పినట్లే, ఇచ్చట రెండు మూళ్లకును ఆరుకును అభేదము చెప్పబడినది. దీనిని త్రిప్పి "ఆరు రెండు మూళ్లు" అనినను వాక్యము చెడదు. 2 × 3 = 6 అని మాత్రమే చూచిన బాలుడు 6 = 2 × 3 అనుదానిని తలక్రిందైన వ్రాతగా భావించి సందేహించును; తిరుగవేసిన ఎక్కమును చెవితో వినియున్నవాడు సందేహింపడు. ఎక్కములను వల్లెవేయించుట అర్థరహితమని ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణ వల్లెవేయించు పద్ధతికి తగులునే కాని వాక్యమునకు తగులదు.

ఎక్కమున మఱియొక విశేషము కలదు. గూడు గూళ్లైనట్లు మూడు మూళ్లైనది; పండు పళ్లైనట్లు రెండు రెళ్లైనది. బహువచనము నొందినది గుణ్యము. దానికి ముందున్నది గుణకము. కావున "రెండు మూళ్లు" అనగా మూడేసి గల రెండు కుప్పలు. "మూడు రెళ్లు" అనగా రెండేసి గల మూడు కుప్పలు. తెలుగు ఈ రెండింటిని స్పష్టముగ వేఱుచేయుచున్నది. నలుగురికి మూడేసి రూపాయలిచ్చుటయు, ముగ్గురికి నాలుగేసి రూపాయలిచ్చుటయు ఒకే వ్యవహారము కాదు. పుచ్చుకొనువాని కా భేదము బాగుగ తెలియును. అయినను వ్యయమైన మొత్తము రెండింటను 12 రూపాయలే. వేఱైనవి సమానములగుటయే ఇందలి ఆశ్చర్యము. ఆ ఆశ్చర్యమును బాలుడు అనుభవింపవలెనన్నచో మొదట భేదమును గుర్తింపవలెను. "రెండు ఇంటూ మూడు" అను చదువులో బహువచనము పోయినది. దానితో భేదమును పోయినది. ఇక నిరూపింపవలసిన దేమున్నది? చింతగింజలను రెండు వరుసలుగ, వరుసకు మూడేసి పేర్చి, ఆ పేర్పునే ప్రక్కనుండి చూడుమన్నచో మూడు రెళ్లు కనబడును. గింజ యొక్కటియు కదలలేదు. చూచువాడు మాత్రమే కదలెను.

పరిభాషకు వత్తము. ఆరవతరగతి పూర్ణాంకముల పాఠమున స్థిత్యంతరధర్మము, సహచరధర్మము, విభాగన్యాయము అను పేర్లు కనబడును. సంస్కృతపదములగుటచేత వీనిని నిరసింప బనిలేదు. కాని ఇవి బాలునకేమి చెప్పుచున్నవి? "స్థితి" అనగా చోటనియు అర్థము, అవస్థ యనియు అర్థము; పదార్థముల స్థితులను విజ్ఞానపాఠమున చదివినవానికి రెండవ యర్థమే ముందు తోచును. "సహచర" మనగా కూడ నడచునది. ఏ కూడికయందైనను సంఖ్యలు కూడియే యుండును గదా. ఏ జతను ముందు కలుపవలెనను ప్రశ్న ఈ పేరున లేదు. "విభాగ" మనునది మఱింత చిక్కు; భాగహారము నెఱిగిన బాలుడు దీనిని దానికి చుట్టముగా తలచును. తొలి రెండును "ధర్మము" లై, మూడవది మాత్రము "న్యాయ" మేల యయ్యెనో పుస్తకము చెప్పదు.

దేశీయపదములన్నియు దోషరహితములని చెప్పుటయు పొసగదు. "కూడిక" మంచి పేరు. కూడువారిలో ముందువెనుకలు లేవు. "తీసివేత" యును మంచిదే. దేనినుండి దేనిని తీయవలెనో అది అడుగును. కాని "హెచ్చవేత" మోసపుచ్చును. ఒకటిచే హెచ్చించిన సంఖ్య హెచ్చదు. సున్నచే హెచ్చించిన సున్నయే మిగులును. అరచే హెచ్చించిన తగ్గును. ఒకటి గుణకారమునకు తత్సమాంశమనియు, సున్న సంకలనమునకు తత్సమాంశమనియు బోధించునపుడు ఈ పదము అడ్డువచ్చునని ఉపాధ్యాయుడు ముందే యెఱిగియుండవలెను.

ప్రాచీనులు ఈ ధర్మములకు సూత్రరూపమైన పేర్లు పెట్టకయే వానిని నిత్యవ్యవహారమున వాడిరి. తొమ్మిదవ శతాబ్దివాడైన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున, గుణ్యమును ఒక కారణాంకముచే భాగించి గుణకమును దానిచే హెచ్చింపవచ్చుననియు, దీని విపర్యయమును చేయవచ్చుననియు చెప్పెను, నేటి సహచరధర్మమిదియే. పావులూరి మల్లన ఆ గ్రంథమును తెలుగుపద్యములలోనికి తెచ్చెను. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు 135ను 12చే గుణించు విధములలో, 12ను 8, 4 అని ఖండించి వేఱువేఱుగ గుణించి కలుపుటను చూపెను. 1080, 540 కలిసి 1620. ఇదియే విభాగన్యాయము. మన సంఖ్యానామములే దీనికి దారి చూపును. ఇరువది యనగా రెండు పదులు, ముప్పది యనగా మూడు పదులు. నాలుగు ఇరువదిమూళ్లు ఎంత యని అడిగిన, "నాలుగు ఇరువదులు ఎనుబది, నాలుగు మూళ్లు పండ్రెండు, మొత్తము తొంబదిరెండు" అని లెక్కించు బాలుడు న్యాయము పేరెఱుగకయే న్యాయమును పాటించుచున్నాడు.

పేర్లను ముందు నేర్పుటవలని ప్రమాదమునకు చరిత్రలో నిదర్శనము కలదు. 1960 ప్రాంతమున అమెరికాలో నూతనగణితమను పేర వ్యాపించిన సంస్కరణము చిన్నతరగతులలోనే ధర్మముల పేర్లకు ప్రాధాన్యమిచ్చెను. ధర్మముల పేర్లు చెప్పగలిగియు కూడలేని బాలుని గూర్చి మారిస్ క్లైన్ 1973లో గ్రంథమే వ్రాసెను. ధర్మములే అనవసరమని ఇందువలన తేలదు. అనుభవము ముందును, పేరు వెనుకను ఉండవలెనని మాత్రమే తేలును.

కావున నిర్ణయమిది. స్థిరపడిన పారిభాషికపదములను మార్చుటకంటె, వానికి ముందు తెలుగువాక్యములను నిలుపుట మేలు. చోటు మార్చినను మొత్తము మారదు. ఏ జతను ముందు కలిపినను మొత్తము మారదు. ముక్కలుగ హెచ్చించి కలిపినను లబ్ధము మారదు. మూడు వాక్యములును "మారదు" అనియే ముగియుట గమనింపదగినది. మార్పు నడుమ మారనిదానిని పట్టుకొనుటయే సమత్వజ్ఞానము. ఇవి చెల్లనిచోటులను కూడ వెంటనే చూపవలెను: ఎనిమిదిలో మూడు తీయుట, మూడులో ఎనిమిది తీయుట ఒకటి కాదు; (8 − 3) − 2 = 3 కాగా, 8 − (3 − 2) = 7. చెల్లనిచోటు తెలియనివానికి ధర్మము తెలిసినట్లు కాదు.

బీజగణితమున సమీకరణపు రెండు ప్రక్కలకు మన పూర్వులు పెట్టిన పేరు పక్షములు. ఒక పక్షము ప్రశ్నయు, రెండవది జవాబును కావు. రెండును సమానగౌరవము గలవి. ఈ భావము లేక పైతరగతికి చేరిన విద్యార్థికి సమీకరణము కేవలము తంత్రమై మిగులును. అతనికి తోడ్పడుటకు చిన్నతరగతిలో క్రొత్త పుస్తక మక్కఱలేదు. "మూడు నాలుగులెంత?" అని అడిగిన వెంటనే, "పండ్రెండు ఎన్ని రెళ్లు? ఎన్ని మూళ్లు? ఎన్ని ఆరులు?" అని అడిగిన చాలును.