చచ్చిన కీచకుడి వాటా

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారసవారు ఆడిన తొలి నాటకం ‘కీచకవధ’. చప్పట్లు భీముడికే! కాని కీచకుడు సరిగ్గా చావకపోతే భీముడి గెలుపెక్కడిదండీ?

ఈ మాట అమెరికావాళ్ల ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటకు చెప్పాలనిపిస్తుంది నాకు. అందులో నలుగురూ బల్లచుట్టూ చేరి, మాటలతోనే వీరులై రాక్షసుల్ని గెలుస్తారు. గెలిస్తే అనుభవం పాయింట్లు. వాటిని ప్రాణాలతో మిగిలిన వీరులకు సమానంగా పంచమంటుంది 1981 నాటి బేసిక్ పుస్తకం. చివరి దెబ్బ కొట్టినవాడికే అన్నీ అనకపోవడం మెచ్చదగ్గదే. మరి తోటివాళ్లకోసం గుమ్మానికి అడ్డం నిలిచి చచ్చినవాడికో? సున్నా!

వీరుడు పోయినా ఆడినవాడు బల్లదగ్గరే ఉన్నాడు కదా! వాడి తర్వాతి వీరుడి ఖాతాలో ఆ వాటా వెయ్యడమే న్యాయం. లేకపోతే రేపు గుమ్మంలో నిలిచేదెవడు?