వంకర తీసే విద్య

పాత జీపు పికప్‌కు గుద్దు తగిలితే పైన రేకు నలగడం అందరికీ కనిపిస్తుంది గాని, దాని కింద ఛాసిస్ ఎంత వంగిందన్నది మేస్త్రీ కొలిచి చెప్పేదాకా తెలియదు. విల్లీస్ నమూనాలో మహీంద్రా తయారుచేసిన జీపులకూ, వాటికి వెనుక తొట్టి అమర్చిన పికప్‌లకూ ఆధారం నిచ్చెన ఛాసిస్, అనగా బండి పొడవునా సాగే రెండు ఉక్కు దూలాలను కొన్ని అడ్డపట్టీలతో కలిపిన చట్రం. ఇంజనూ, బాడీ దానిమీద బోల్టులతో విడివిడిగా నిలుస్తాయి కనుక దేనికది విప్పి బాగుచేసుకోవచ్చు. బాడీనే చట్రంగా మలిచిన నేటి కార్లకు ఈ సదుపాయం లేదు.

చల్లపల్లి వంటి ఊళ్ళలో చిన్న నొక్కులు తీసే షెడ్లకు పని సరిపోయినా, ఛాసిస్ వంగిన బండి సాధారణంగా పామర్రు, ఉయ్యూరు మీదుగా విజయవాడ ఆటోనగర్ చేరవలసిందే. 1960లలో మొదలైన ఈ వాడలో లారీ బాడీలు కట్టేవారు, కమాను కట్టలు సరిచేసేవారు, లేతు పనివారు పక్కపక్కనే ఉండడం వల్ల ఒక చోట విప్పిన భాగం నాలుగడుగుల దూరంలోనే సిద్ధమవుతుంది.

పనిలో మొదటిది కొలత. బండిని చదునైన నేలపై ఎత్తి నిలిపి, ఛాసిస్‌కు రెండు వైపులా సమానంగా ఉండే రంధ్రాల నుంచి తాపీ పనివారు వాడే గుండుదారం వదిలి, అది తాకిన చోట సుద్దతో గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య ఐమూలగా కొలుస్తారు. రెండు ఐమూలల కొలతలు సమానం కాకపోతే చట్రం ఒక పక్కకు ఒరిగినట్టే. ఈ కొలత లేకుండా మడ్‌గార్డు మీద సుత్తి పెట్టే మేస్త్రీని నమ్మకపోవడమే మంచిది.

వంగిన దూలాన్ని గొలుసుతో, జాకీతో నెమ్మదిగా లాగుతారు. ఇక్కడ ఇనుము కుక్కతోక స్వభావం చూపుతుంది; సరైన కొలత దగ్గర ఆపి వదిలితే కొంత వెనక్కి పోతుంది కనుక, అవసరానికి ఓ పిసరు ఎక్కువ లాగి వదలాలి, ఆ పిసరు ఎంతన్నది చేతికి తెలిసిన లెక్క. గ్యాస్‌మంటతో ఎర్రగా కాల్చి వంచడం సులువే గాని, విచ్చలవిడిగా కాల్చిన ఉక్కు బలం తగ్గుతుంది, ఎర్రగా ఉండగానే నీళ్ళు పోస్తే పెళుసుబారే ప్రమాదమూ ఉంది.

రేకు పనికి టింకరింగ్ అని పేరు. నొక్కు వెనుక డాలీ అనే ఇనుప దిమ్మె ఆనించి, ముందు వైపు నుంచి సుత్తితో కొడుతూ, దెబ్బకు చివరగా పడిన ముడతను ముందుగా విప్పుతూ, మొదట గుద్దు తగిలిన చోటికి వస్తారు. సాగి ఉబ్బిన రేకును కుదించే పద్ధతి మరీ సొగసైనది. ఉబ్బు నడుమ చిన్న చుక్కంత మేర ఎర్రగా కాల్చి, నాలుగు తేలిక దెబ్బలు వేసి, వెంటనే తడిగుడ్డ అద్దితే, చల్లారే లోహం చుట్టూ ఉన్న రేకును తనలోకి లాక్కుంటుంది. ఆపైన మిగిలే అతిచిన్న ఎగుడుదిగుళ్ళకు మాత్రమే పుట్టి, అంటే గట్టిపడే పూత, పెట్టాలి. మందంగా మెత్తినది అదురుకు పగిలి, ఆ సందులోంచి తేమ దిగుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే దివిసీమ బండ్లకు ఇది ప్రాణాంతకం, కొన్నిసార్లు గుద్దు కన్నా ముందే తుప్పు దూలాన్ని లోపల నుంచి తినేసి ఉంటుంది. అలాంటి దూలాన్ని సాగదీయడం కన్నా ఆ ముక్క కోసి కొత్తది అతకడమే నిజాయితీ.

అయితే కోసే ముందు యజమాని ఒక సంగతి చూసుకోవాలి. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండి వింటేజ్ నమోదు పొందాలంటే, ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని గణనీయమైన మార్పు చేసి ఉండకూడదు.