పక్కవాద్యం లేని శోకం

జూన్ నెలలో మా డాబా రాత్రి తొమ్మిదైనా చల్లబడదు. పగలంతా తాగిన ఎండను స్లాబు పొద్దుపోయాక మెల్లగా కక్కుతుంది. అమ్మ బకెట్టుతో నీళ్లు తెచ్చి చేత్తో చిలకరిస్తుంది. చుక్క పడ్డ చోటల్లా సిమెంటు చుయ్యిమంటుంది, సన్నగా ఆవిరి లేస్తుంది, ఒక్క క్షణం తొలకరి మట్టివాసన లాంటిదేదో ముక్కుకు తగులుతుంది. అంతలోనే కంపెనీలున్న ఇస్నాపూర్ దిక్కు నుంచి గాలి వచ్చి దాన్ని తోసేసి తన వాసన పరిచి కూర్చుంటుంది. ఆ వాసనకు పేరు లేదు. ఒకనాడు మురిగిన గుడ్డు, ఒకనాడు కాలిన ప్లాస్టిక్కు, ఒక్కోనాడు విచిత్రంగా మిగలపండిన జామకాయ. పటాన్‌చెరు వాళ్లం కళ్లు మూసుకుని గాలి పీల్చి ఏ కంపెనీ గొట్టం తెరిచిందో చెప్పగలమని మాలో మేం గొప్పలు పోతాం. అదీ ఒక రాగజ్ఞానమే మరి.

2025 ఎండాకాలంలో ఆ డాబా మీద నేను కచేరీలు పెట్టాను. మే 24 నుంచి జూన్ 28 దాకా ఆరు శనివారాలు. విద్వాంసుడు ఫోనులో ఉంటాడు, అరచేతిలో పట్టే స్పీకరులోంచి పలుకుతాడు. సభలో నేను, అమ్మ, నీళ్ల ట్యాంకు. టికెట్టు లేదు, పూలదండ లేదు. గంట కొట్టేవాడు లేకున్నా రాత్రి షిఫ్టు సైరను ఉంది.

యూరప్‌లో వేసవి వస్తే పాత రాతి చర్చీల్లో ఇటువంటి కచేరీలు జరుగుతాయి. ఒక్క మనిషి, ఒక్క వయొలిన్. అదీ మనం చూసే వయొలిన్ కాదు, 1600 నుంచి 1750 దాకా నడిచిన బరోక్ కాలపు వయొలిన్. దానికి ఉక్కు తీగలుండవు, గొర్రె పేగులు పేనిన తంత్రులుంటాయి. గడ్డం ఆనించే చెక్క ఉండదు. కమాను వేటగాడి విల్లులా బయటికి వంగి ఉంటుంది. శ్రుతి ఇప్పటి 440 హెర్ట్జ్‌కి బదులు 415 దగ్గర, అంటే అర మెట్టు కిందికి, గొంతు తగ్గించి మాట్లాడే ముసలివాడిలా పలుకుతుంది. స్వరాన్ని అదేపనిగా వణికించరు. పలికింది పలికినట్టే, ఒంటిమీద బట్ట లేని పసిపిల్లలా వచ్చి నిలబడుతుంది. పేగు తంత్రికి ఉక్క పడదు, చెమట పడదు, మబ్బు పట్టినా బిగువు మారిపోతుంది. వాయించేవాడు ఘడియకోసారి బిరడ తిప్పుకోవలసిందే. ప్రాణమున్న జీవి కడుపులోంచి వచ్చింది గనక వాతావరణాన్ని ఒంటికి పట్టించుకుంటుంది. ఉక్కుకు ఆ బాధ లేదు.

ఫిడేలు మా ఇంటికి కొత్త కాదు. మేనమామ హరికథల్లో వాయించేవాడు. నడుమ దాసుగారు, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో దండ. ఎడమ పక్కన కింద కూర్చుని మా మామ, కుడి పాదం మీద ఫిడేలు తల ఆనించుకుని, దాసుగారి గొంతు ఎక్కడికి పోతే అక్కడికి దీపం పట్టుకుని వెనకే పోయేవాడు. సంగారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో శ్రీరామనవమి పందిళ్లన్నీ ఆయన ఎరుగును. ఆయన పేరు పందిట్లో ఎవరూ ఎరగరు. దాసుగారు గుక్క తిప్పుకునే రెండు నిమిషాలే మామవి. ఆ రెండు నిమిషాల్లో కల్యాణి పలికిస్తే ఆడవాళ్లు విసనకర్ర ఆపేవారట. అమ్మ ఇప్పటికీ ఆ ముక్క చెప్పేటప్పుడు చేతిలో ఉన్న పని ఆపుతుంది.

ఫిడేలు రాత మన దగ్గర అంతే. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఈ తెల్లవాళ్ల వాద్యాన్ని నేర్చి మన సంగీతంలోకి తెచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. తెచ్చి గాయకుడి పక్కన కూర్చోబెట్టారు. అక్కడి నుంచి లేపి వేదిక నడుమకు తెచ్చినవాడు మన తెలుగువాడు ద్వారం వెంకటస్వామి నాయుడు. చూపు సరిగా లేని మనిషి. విజయనగరం సంగీత కళాశాలలో 1919లో గురువుగా చేరాడు, 1936లో దానికే అధ్యక్షుడయ్యాడు. 1938లో వెల్లూరులో గాయకుడు లేకుండా వయొలిన్‌తోనే కచేరీ నడిపాడు. పాట లేకుండా పక్కవాద్యమేమిటని అడిగినవాళ్లకు ఆయన కమానే బదులు చెప్పింది. అయితే ఆయన పక్కన కూడా మృదంగం ఉంది, వెనక తంబురా ఉంది. మన ఒంటరితనం ఎప్పుడూ నలుగురి నడుమ ఒంటరితనమే. పూర్తి ఒంటరితనం చూడాలంటే ఒక జర్మనీవాడి దగ్గరికి పోవాలి.

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఒంటి వయొలిన్‌కు ఆరు రచనలు చేశాడు, మూడు సొనాటాలు, మూడు పార్టీటాలు. సొంత దస్తూరీతో రాసుకున్న ప్రతి మీద 1720 అని ఉంది. నా ఆరు శనివారాలకు ఆ ఆరే సరుకు. పక్కన తాళం వేసేవాడు లేడు, శ్రుతి పట్టేవాడు లేడు. నాలుగు తంత్రుల మీదే అన్నీ పుట్టాలి. కమాను రెండు మూడు తంత్రుల మీద ఒకేసారి ఒరుసుకుంటూ పోతే ఒక గొంతు పాడుతుంది, ఇంకో గొంతు ఔనంటుంది, అడుగున మూడోది మూలుగుతుంది. కొన్ని స్వరాలు అసలు మోగవు, మోగినట్టు మనమే అనుకుంటాం. చనిపోయినవాళ్ల అడుగుల చప్పుడు వసారాలో వినబడ్డట్టు.

నాలుగో శనివారం డి మైనర్ పార్టీటా వచ్చింది. దాని చివరి తునక చాకోన్, పావుగంట సాగుతుంది. చిన్న ఆవృతం ఒకటి అరవై పైచిలుకు సార్లు తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ వేరే మొహంతో వస్తుంది. నడుమ ఒకచోట మేజర్‌లోకి తిరిగినప్పుడు చీకటింట్లో ఎవరో తలుపు ఓరగా తీసినట్టుంటుంది. మళ్లీ మూసుకుంటుంది.

అమ్మ ట్యాంకుకు ఆనుకుని కూర్చుని విన్నది.

“ఏందిరా, ఒక్కడే వాయిస్తుండా?”

“ఔనమ్మా, ఒక్కడే.”

“మద్దెల లేదు, తాళం లేదు. పక్కన ఎవ్వలు లేరా?”

“ఎవ్వలు లేరు.”

“మీ మామకు జెప్తే నమ్మకపోతుండె.”

కాసేపాగి మళ్లీ తనే అన్నది. “పాపం.”

ఆ పాపం ఎవరికో నేనడగలేదు. హరికథలు అడుగంటాక మామ ఒక మందుల కంపెనీలో చేరాడు. పొడి జల్లించే పని. రెండేళ్లకు వేళ్ల కొసలు పొరలు పొరలుగా ఊడాయి. ఊడిన వేలితో ఉక్కు తీగ నొక్కితే ప్రాణం పోతుందని ఫిడేలును అటక ఎక్కించాడు. తర్వాత తనూ వెళ్లిపోయాడు. పెట్టె ఇంకా అటక మీదే ఉంది. తీస్తే కమాను వెంట్రుకల్లో రజను వాసన ఇప్పటికీ ఉంటుంది, వేపజిగురులా, కొంచెం తీపిగా, కొంచెం చేదుగా.

మందుల కంపెనీల మాట వచ్చింది గనక ఏటి సంగతి కూడా ఒక్క మాట చెప్పుకోవాలి. మంజీరం అంటే అందె. కాలి అందె పేరు పెట్టుకున్న మంజీర నది మా జిల్లాది. దానిలో కలిసే చిన్న దాసి మా నక్కవాగు. ఆ వాగులో చేపలు పట్టుకున్నామని అమ్మ చెబుతుంది, పరకపిల్లలు, బొమ్మిడాయిలు. స్వీడన్ గోథెన్‌బర్గ్ నుంచి వచ్చిన పరిశోధకులు పటాన్‌చెరులో కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి వదిలిన నీళ్లనే పరీక్షించి 2007లో ఆ వివరాలు అచ్చువేశారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు మింగిన రోగి నెత్తురులో కూడా అంత ఉండదు. జబ్బు లేని వాగుకు అంత మందు పట్టించాం. అందె మోగడం మానేసింది.

ఆరో శనివారం, జూన్ 28. ఇ మేజర్ పార్టీటా. దాని ప్రెలూడ్ ఊపిరి తిప్పుకోకుండా పరుగెత్తే పిల్ల. పదహారు ఏళ్లు, రెండు జడలు, గడపలన్నీ దాటుకుంటూ, అద్దాల గాజులు గలగల. ఆ రాత్రి పడమర మెరిసింది. నాలుగు చినుకులు పడ్డాయి. కచేరీలు అయిపోయాయి, మళ్లీ ఏడు చూద్దాం అనుకుని స్పీకరు లోపల పెట్టేశాను.

సోమవారం, జూన్ 30. పొద్దున తొమ్మిది దాటింది. అమ్మ బియ్యం ఏరుతోంది. పాశమైలారం దిక్కు నుంచి ఒక్క చప్పుడు. ఉరుము కాదు, ఉరుముకు తోక ఉంటుంది. దీనికి లేదు. చేటలో బియ్యం జరజరా ఒక పక్కకు జారాయి. తర్వాత పొగ లేచింది.

పేలింది పాశమైలారంలో ఒక కంపెనీ. అక్కడ తయారయ్యేది ఒక తెల్లటి పొడి. చెక్కగుజ్జులోంచి తీస్తారు. మందుబిళ్ల పొడిపొడిగా రాలిపోకుండా పట్టి ఉంచేది అదే. మనం జ్వరానికో నొప్పికో వేసుకునే బిళ్లలో మందు కన్నా ఒక్కోసారి ఆ పొడే ఎక్కువ. వయొలిన్ కూడా చెక్కే. పైపలక స్ప్రూస్, వెనక పలక మేపుల్. చెక్క ఒకచోట పాటైంది, ఇంకోచోట పొడై మండింది. యాభై మందికి పైగా పోయారు. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లే ఎక్కువ, మనవాళ్లూ ఉన్నారు. కొందరిని డీఎన్‌ఏ పరీక్షతో గాని పోల్చలేకపోయారు. కొందరి ఆనవాలే దొరకలేదు. అన్నిటినీ కలిపి బిళ్లగా పట్టి ఉంచే పొడి, తనను చేసినవాళ్లను మాత్రం పట్టి ఉంచలేకపోయింది.

మా వైపు చావింట ఆడవాళ్లు ఊరికే ఏడవరు, శోకాలు పెడతారు. అది ఏడుపూ కాదు, పాటా కాదు. పై షడ్జం దగ్గర ఎత్తుకుని, పోయినవాడి ముద్దుపేరు, వాడు తిన్న కూర, వాడు కట్టిన గోడ, వాడు ఇస్తానన్న చీర, ఒక్కొక్కటే చెప్పుకుంటూ మెట్టు మెట్టు దిగుతారు. ఒకరు ఎత్తుకుంటే పక్కనున్నది అందుకుంటుంది. ఎత్తుకునేదానికి గుక్క తిరగనప్పుడు ఆ పక్కావిడే కథ నడుపుతుంది. శోకానికి కూడా పక్కవాద్యం కావాలి. పటాన్‌చెరు ఆస్పత్రి ముందు ఆ వారం నేను చూసిన ఆడవాళ్లకు ఆ అందుకునేవాళ్లు లేరు. ఊళ్లో ఉంటే వంద గొంతులు లేచేవి. ఇక్కడ రైలు దిగి వచ్చిన ఒక్క తల్లి, తను మాత్రమే ఎరిగిన భాషలో, పోలీసు తాడుకు ఇవతల నిలబడి దిగుతోంది. పై నుంచి కిందికి. మళ్లీ పై నుంచి.

బాఖ్ కూడా అటువంటి గడపలోనే నిలబడ్డాడు. 1720 ఎండాకాలం తను కొలువు చేసే రాజుగారి వెంట కార్ల్స్‌బాద్ వెళ్లి, ఇల్లు చేరేసరికి భార్య మరియా బార్బరా లేదు. జూలై 7న పూడ్చిపెట్టేశారు. చాకోన్ ఆమె కోసమే రాశాడని ఒక కథ చెబుతారు. రుజువు లేని కథ, నేను నమ్మను. మనసు మాత్రం నమ్ముతుంది. ఆఖరి చూపు దక్కనివాడు ఏం చేస్తాడు? పదే పదే అదే గడపకు తిరిగి వస్తాడు.

అనుకోని ఏడో కచేరీ, పేలుడు తర్వాత వచ్చిన శనివారం. కానీ చాకోన్ పెట్టలేకపోయాను. బాఖ్‌కు ముందటివాడు, సాల్జ్‌బర్గ్‌లో బతికిన బీబర్, 1676 ప్రాంతంలో ఒంటి వయొలిన్‌కే రాసిన పాసకాలియా పెట్టాను. రాతప్రతిలో దాని నెత్తిన ఒక చిన్న బొమ్మ ఉంటుంది, రెక్కలున్న దేవదూత ఒక పసివాడిని చేయి పట్టి నడిపిస్తుంటాడు. సంగీతమంతా నాలుగు స్వరాల మీద నడుస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే స ని ద ప. కైశికి నిషాదం, శుద్ధ ధైవతం, తోడిలో దిగినట్టే దిగుతుంది. ఆ నాలుగు మెట్లే అరవై ఐదు సార్లు. పైన వయొలిన్ ఎన్ని పోకలు పోయినా, ఎంత పైకెగిరినా, ఎంత కూలబడ్డా, అడుగున స ని ద ప, స ని ద ప, ఎవరో చేయి వదలకుండా నడిపిస్తున్నట్టు.

పది తిరుగుళ్లయ్యాక అమ్మ తల ఎత్తింది. ఇరవై అయ్యేసరికి పెదాలు కదిలాయి. ఆమెకు బీబర్ తెలియడు, తోడి పేరూ తెలియదు. దిగే మెట్లు తెలుసు. సన్నగా, గొంతులోనే, పేరు తెలియని పిల్లలకు పేరు పెట్టకుండా ఎత్తుకుంది.

“ఓ నా కొడుకో... ఎంత దూరం నుంచి వస్తివిరా... ఏ అన్నం తింటివిరా...”

వయొలిన్ వెనక ఆమె, ఆమె వెనక వయొలిన్. మా మామ ఉంటే ఎవరు ఎవరికి పక్కవాద్యమో చెప్పేవాడు.

కింది గదిలో ఆరుగురు కుర్రాళ్లు అద్దెకుంటారు. మూడు చాపలు, రెండు షిఫ్టులు, ఒకరు లేస్తే ఒకరు పడుకుంటారు. వాళ్లది ఆ కంపెనీ కాదు, ఇంకోటి. వాళ్లలో ఒకడు మెట్ల మీద వచ్చి ఆగాడు. పైకి రావాలా వద్దా అన్నట్టు గోడ పట్టుకుని నిలబడ్డాడు. సెల్ వెలుతురులో మొహం కనిపించింది, మీసం ఇంకా సరిగా రాలేదు.

అమ్మ శోకం ఆపి కళ్లు తుడుచుకుంది.

“ఏ ఊరు బిడ్డా నీది?”

“గంజాం.”

“తిన్నవా?”

ఆ మాట వాడికి తెలుసు. లేదన్నట్టు తల ఊపాడు. అమ్మ మోకాళ్ల మీద చేయి ఆనించి లేచి, కూర వెచ్చబెట్టడానికి మెట్లు దిగింది. వాడు ఆమె వెనకే దిగాడు. వయొలిన్ ఇంకా పదిహేను తిరుగుళ్లు తిరగాల్సి ఉంది. స్లాబు ఇంకా వేడిగానే ఉంది.